కొంకణ్ రైలు మార్గం ఎనిమిదేళ్ళలోపే పూర్తయింది కదా, కోనసీమ లైను పాతికేళ్ళయినా ఎందుకు పూర్తి కాలేదు?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పడమటి తీరంలో కొండలు తొలిచి, నదులు దాటి 741 కిలోమీటర్ల కొంకణ్ రైలు మార్గాన్ని 1990లో మొదలుపెట్టి 1998 జనవరికల్లా పూర్తి చేశారు. కొండ అన్నదే కనిపించని కోనసీమలో కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వేయవలసిన 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరై ఇంతకాలంగా ఎందుకు నానుతోంది, ఇందులో ఇంజనీరింగ్ కష్టం ఎంత, రాజకీయం ఎంత అన్నది మీ సందేహం. అమలాపురంలో సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నానని, ప్రాజెక్టు వర్కుకు ఈ లైనునే తీసుకోవాలని ఉందని కూడా రాశారు.

జవాబు ముందే చెబుతాను. ఈ జాప్యానికి ప్రధాన కారణం ఇంజనీరింగ్ కాదు. డబ్బు విడుదలయ్యే తీరు, నిర్ణయం జరిగే చోటు, భూమి చేతికొచ్చే వరుస – ఈ మూడే. అయితే కొండలు లేవు కాబట్టి కోనసీమలో పని తేలిక అనుకోవడం కూడా సరికాదు. సొరంగాలను పక్కన పెట్టి, నీళ్ళు, నేల మాత్రమే చూస్తే కిలోమీటరుకు కిలోమీటరు కోనసీమే కష్టమైన చోటని నా అభిప్రాయం. ఆ కష్టానికి పరిష్కారాలు తెలియక పని ఆగలేదు. పని ఆగుతూ సాగడం వల్ల ఆ కష్టం పెరిగింది.

నేను రైల్వే నిర్మాణ విభాగంలో సివిల్ ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. తొలినాళ్ళలో కార్వార్ వైపు కొంకణ్ వంతెనల మీద, ఆ తరవాత ఎక్కువ కాలం తూర్పు తీరపు డెల్టా నేలల్లో పనిచేశాను. కోటిపల్లి–నరసాపురం లైనులో నేను ఉద్యోగం చేయలేదు కనుక అక్కడి లోపలి వ్యవహారాల జోలికి పోను. నేలను బట్టి, పద్ధతిని బట్టి చెప్పగలిగినది చెబుతాను.

తీరం వెంబడి రైలు మార్గం అనగానే చాలామంది సముద్రం వల్ల కష్టమనుకుంటారు. నిజానికి సముద్రం పక్కన ఉన్నందువల్ల వచ్చే ఇబ్బంది తక్కువ. సముద్రంలోకి వెళ్ళే ప్రతి నీటిచుక్కనూ మన లైను అడ్డంగా దాటవలసి రావడమే అసలు ఇబ్బంది. కొంకణ్‌లో సహ్యాద్రి నుంచి నదులు పడమరకు దిగుతాయి, వాటి నడుమ కొండల పాయలు కూడా అదే దిశలో సముద్రం దాకా చాచుకొని ఉంటాయి, లైను మాత్రం ఉత్తరం నుంచి దక్షిణానికి పోవాలి. అందువల్ల ఒక నది, ఒక కొండ, మళ్ళీ నది, మళ్ళీ కొండ అన్నట్టు సాగుతుంది. 91 సొరంగాలు, చిన్నా పెద్దా కలిపి రెండు వేల దాకా వంతెనలు వచ్చింది అందుకే. కోనసీమలో దిక్కులు మారతాయి గాని లెక్క అదే. నీళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతాయి, లైను తూర్పు నుంచి పడమరకు పోతుంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు పాయలతోపాటు ప్రతి పంట కాలువకూ ప్రతి మురుగు కాలువకూ లైను అడ్డు వస్తుంది.

పాతవారు ఈ చిక్కును తప్పించుకున్న తీరు మీ ప్రాజెక్టుకు పనికొస్తుంది. 1890లలో వేసిన మద్రాసు–కలకత్తా ప్రధాన మార్గాన్ని పటంలో చూడండి. తూర్పు తీర మార్గమని పేరే గాని గోదావరి, కృష్ణల దగ్గరికి వచ్చేసరికి అది లోపలికి జరిగి రాజమహేంద్రవరం దగ్గర, విజయవాడ దగ్గర నదిని దాటుతుంది. అక్కడ నది ఇంకా చీలలేదు. ధవళేశ్వరం దాటితే గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. డెల్టా నెత్తి మీద ఒక్క వంతెనతో అయ్యే పనికి డెల్టా పాదం దగ్గర మూడు పెద్ద వంతెనలు కావాలి. పైన దాటడమన్నా అప్పట్లో తేలికేమీ కాదు. 1893లోనే ఆ ప్రాంతానికి రైళ్ళు వచ్చినా గోదావరి మీద హేవలాక్ వంతెన తెరుచుకున్నది 1900లో. అంత ఖర్చు చేసే దొరలు కూడా డెల్టా లోపలికి లైను తీసుకుపోలేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో ఒక శాఖా లైను వేశారు గాని గౌతమి ఒడ్డున ఆపేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు 1940లో ఆ పట్టాలనూ పీకి పట్టుకుపోయారు. అది మళ్ళీ 2004లో తెరుచుకుంది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి గారు పట్టుబట్టి, అక్కడ ఆగిన లైనును నది దాటించి అమలాపురం మీదుగా నరసాపురం చేర్చే పనిని మంజూరు చేయించారు. 2002లో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఢిల్లీలో ఈ లైనును అనుదినం అడిగే మనిషి లేకుండా పోవడం జాప్యానికి ఒక కారణమని కోనసీమ వాళ్ళు అంటుంటారు. అందులో నిజం లేకపోలేదు. కాని ఒక మనిషి ఉంటే నడిచి, లేకపోతే ఆగిపోయే ఏర్పాటు అసలు ఏర్పాటే కాదు.

కొంకణ్‌ది వేరే ఏర్పాటు. రైల్వే మంత్రిగా జార్జ్ ఫెర్నాండెజ్, ఆర్థిక మంత్రిగా మధు దండవతే ఉన్న కాలం అది. ఇద్దరికీ ఆ తీరంతో సంబంధం ఉంది. రాజకీయ బలం అక్కడా ఉందన్నమాట, కాదనను. అయితే ఆ ప్రభుత్వం పడిపోయినా పని ఆగలేదు, ఎందుకంటే 1990 జులైలోనే కొంకణ్ రైల్వే కార్పొరేషన్ పేరుతో విడిగా ఒక కంపెనీ పెట్టేశారు. అందులో రైల్వే శాఖకు 51 శాతం, మహారాష్ట్రకు 22, కర్ణాటకకు 15, గోవాకు 6, కేరళకు 6 శాతం వాటాలు. రైల్వే నుంచి పదవీ విరమణ చేసిన ఇ. శ్రీధరన్ గారిని దానికి అధిపతిని చేశారు. వాటా సొమ్ముకు తోడు కంపెనీ బాండ్లు అమ్మి మార్కెట్టు నుంచి అప్పు తెచ్చుకుంది.

ఇక్కడే తేడా అంతా ఉంది. మామూలు కొత్త లైనుకు డబ్బు ఏటేటా బడ్జెట్టులో కేటాయింపుగా వస్తుంది. దేశమంతా మంజూరై ఉన్న లైన్ల జాబితా చాంతాడంత. ఉన్న సొమ్మును వాటన్నిటికీ పంచితే ఒక్కో లైనుకు దక్కేది ఒక్కోసారి ఖాతా మూతపడకుండా ఉంచేంత మాత్రమే. దానికి తోడు కోటిపల్లి–నరసాపురం లైనుకు ఖర్చులో నాలుగో వంతు రాష్ట్ర ప్రభుత్వం భరించాలన్న షరతు ఉంది. రెండు ఖజానాలు ఒకే ఏడాది ఒకే సమయానికి తెరుచుకోవాలన్నమాట. ఒకరిది వచ్చినప్పుడు మరొకరిది రాకపోతే వచ్చినది ఖర్చుకాక వెనక్కి పోతుంది, మరుసటి ఏడాది ‘గత కేటాయింపే ఖర్చు కాలేదు’ అన్న కారణంతో కోత పడుతుంది. ఇలా ఏళ్ళు గడిచేకొద్దీ ధరలు పెరిగి అంచనా రెండు వేల కోట్ల రూపాయలు దాటింది. ఇందులో ఒక పార్టీ తప్పు, ఒక ప్రభుత్వం తప్పు అని వేలు చూపడం కంటే, డబ్బును ఏటా ముక్కలు చేసి ఇచ్చే పద్ధతిలో పెద్ద నదుల మీద వంతెనలు కట్టబోవడమే తప్పని నేనంటాను.

ఎందుకంటే మధ్యలో ఆపితే చెడిపోయే పనులు కొన్ని ఉంటాయి. నదిలో పునాది అలాంటిది. దీన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, పుస్తకంలో ఇది ఒక్క వాక్యంలో పోతుంది.

డెల్టా నదిలో బావి పునాది, అంటే వెల్ ఫౌండేషన్, దించడమంటే మనిషి నిలువులు ఎన్నో లోతుండే కాంక్రీటు బావిని పైన కట్టుకుంటూ, లోపలి మట్టిని క్రేనుకు కట్టిన గ్రాబ్‌తో తోడుకుంటూ, దాని బరువుతో అదే కిందికి జారేలా చూడడం. ఇసుకలో సాఫీగా దిగుతుంది. గోదావరి డెల్టాలో ఇసుక పొర కింద జిగురు బంకమట్టి పొర, దాని కింద మళ్ళీ ఇసుక ఇలా అల్లుకొని ఉంటాయి. బంకమట్టిలోకి వచ్చేసరికి గ్రాబ్ పళ్ళు మూసుకొని పైకి వస్తుంది గాని మట్టి పళ్ళకు అంటుకొని సగమే రాలుతుంది. నాలుగు వైపులా గుర్తులు పెట్టి ప్రతి షిఫ్టులోనూ లెవెల్ చూస్తాం. ఒక పక్క నాలుగు వేళ్ళు ఎక్కువ దిగిందంటే రెండో పక్కన తవ్వి, ఎత్తుగా ఉన్న వైపు బరువు పెట్టి దారికి తేవాలి. రోజంతా కదలని బావి రాత్రి ఉన్నట్టుండి అరగజం జారుతుంది. ఆ శబ్దం విన్న వాళ్ళకు నిద్ర పట్టదు. ఇది నడుస్తున్నంత కాలం బావి చుట్టూ మట్టి కదిలిన స్థితిలో వదులుగా ఉంటుంది. పని ఆపి నెలల తరబడి వదిలేస్తే ఆ మట్టి బావి గోడలను పట్టేస్తుంది. నేను పనిచేసిన ఒక పాయ మీద బిల్లులు నిలిచిపోయి కాంట్రాక్టరు క్రేన్లు తీసుకుపోయాడు. మరుసటి ఎండాకాలం కొత్త కాంట్రాక్టరు వచ్చి మొదలుపెడితే సగం దిగిన బావి ఒక్క అంగుళం కదలలేదు. ఇనుప దిమ్మెలు పేర్చి, బయటి వైపు నీటి జెట్లు పెట్టి, చివరికి దించాం. అయిన అదనపు ఖర్చుతో చిన్న వంతెన ఒకటి కట్టవచ్చు. అది ఇంజనీరింగ్ కష్టం కింద ఫైలులో నమోదైంది. మూలం మాత్రం బిల్లు.

పైల్ పునాదులైతే, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలైతే, ఈ గొడవ తక్కువే కదా అని మీరు అడగవచ్చు. తక్కువే, కాని కడిగేత సంగతి మరవకూడదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అలాంటి వరదలో పియరు (వంతెన స్తంభం) చుట్టూ నది అడుగు ఎంత లోతుకు కోసుకుపోతుందో లెక్కగట్టి, దానికి ఇంకా కిందికి పునాది పోవాలి. నీళ్ళు తగ్గాక మళ్ళీ ఇసుక వచ్చి చేరుతుంది కనుక జనవరిలో చూసినవాడికి అంత లోతు ఎందుకో అర్థం కాదు. పైగా పనిచేసే కాలం తక్కువ. జులై నుంచి అక్టోబరు దాకా వరద, నవంబరులో తుఫాను భయం. 1996 నవంబరు తుఫాను కోనసీమలో కొబ్బరి తోటలను ఎలా నేలమట్టం చేసిందో మీ ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. నదిలో దిగి నిశ్చింతగా పనిచేయగలిగేది డిసెంబరు నుంచి జూన్ దాకానే. కేటాయింపు సొమ్ము ఆలస్యంగా చేతికొచ్చి, టెండరు ముగిసి కాంట్రాక్టరు దిగేసరికి మొదటి వరద వస్తే, ఆ ఏడాది పోయినట్టే.

ఇప్పుడు కొంకణ్ వారు ఎలా పరుగెత్తారో చూద్దాం. లైనును ఏడు సెక్టార్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక చీఫ్ ఇంజనీరును కూర్చోబెట్టి, అక్కడి నిర్ణయాలు అక్కడే తీసుకునే అధికారం ఇచ్చారు. డిజైనులో ఒక మార్పు కావాలంటే మూడు కార్యాలయాలు తిరిగే పని లేకుండా పోయింది. ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలను కార్యాలయాల్లో పెట్టించడం శ్రీధరన్ గారి పద్ధతి. గడియారం వల్ల వంతెన లేవదు గాని, అది చూపే రోజులకు తగ్గ సొమ్ము ఖాతాలో ఉన్నప్పుడు మాత్రం దానికి విలువ ఉంటుంది. భూమి విషయంలో సుమారు 42 వేల మంది సొంతదారులతో వ్యవహారం. సిబ్బంది ఊరూరా తిరిగి, పటం పరిచి, మీ ఇల్లు పోతుంది, మీ బావి పోదు అని విడమరచి చెప్పి ఒప్పించారు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో చాలావరకు సవ్యంగా జరిగింది.

గోవాలో జరగలేదు. తీరానికి దగ్గరగా, జనసాంద్రత ఉన్న ఊళ్ళ మీదుగా, ఉప్పునీటిని కట్టలతో ఆపి సాగుచేసే ఖజాన్ భూముల మీదుగా లైను పోతుందని పెద్ద ఆందోళన లేచింది. లైనును లోపలికి జరపాలని కోరారు. పని ఆగింది, విచారణ సంఘం కూర్చుంది, చివరికి చిన్న మార్పులతో లైను పోయే పాత దారే, అంటే పాత అలైన్‌మెంటే నిలిచింది. తీరప్రాంతంలో ఇది తప్పదు. సముద్రం వైపు జరిగితే ఊళ్ళు, పొలాలు, వెడల్పాటి నదీముఖాలు. లోపలికి జరిగితే కొండలు, అడవులు. ఆందోళన చేసినవారిని అభివృద్ధి నిరోధకులని అప్పట్లో మా వాళ్ళు కొందరు తిట్టుకునేవారు. నీటి పారుదల గురించి వాళ్ళు లేవనెత్తిన అనుమానాల్లో చాలావాటికి ఇంజనీరింగ్ పరంగా అర్థం ఉంది. కోనసీమలోనూ అదే మాట వర్తిస్తుంది, దానికి మళ్ళీ వస్తాను.

అలైన్‌మెంట్ విషయంలో కొంకణ్ వారి ఒక నిర్ణయం మీకు తెలియాలి. వాలు 150కి 1, అంటే 150 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు, మించకూడదు, వంపు వ్యాసార్ధం 1,250 మీటర్లకు తగ్గకూడదు అని మొదటే గీత గీసుకున్నారు. ముంబయి–పుణె మధ్య భోర్ ఘాట్‌లో వాలు 37కి 1 అన్నది గుర్తుంటే ఇది ఎంత కఠినమైన షరతో తెలుస్తుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగానికి తగ్గ జ్యామితి అది. కొండ చుట్టూ తిరిగే వీలు లేకుండా నేరుగా తొలుచుకుపోవలసి రావడం దాని పర్యవసానం. రత్నగిరి దగ్గర 6.5 కిలోమీటర్ల కర్బుడే సొరంగం, పాన్వల్ నది లోయ మీద 64 మీటర్ల ఎత్తున నిలిచిన వయాడక్టు (పొడవాటి ఎత్తు వంతెన), హొన్నావర్ దగ్గర శరావతి మీద రెండు కిలోమీటర్లు దాటిన వంతెన అలా వచ్చాయి. పాన్వల్ వయాడక్టులో గర్డరును (పట్టాలు మోసే దూలాన్ని) ఒక గట్టున పోతపోస్తూ ముక్కముక్కగా లోయ మీదికి తోశారు. మన దేశంలో ఆ పద్ధతిని వాడడం అదే మొదలు. తిన్నటి గీత గీసుకున్నందువల్ల ఊళ్ళు దూరమయ్యాయి కూడా. సావంత్‌వాడీ రోడ్ స్టేషనులో దిగినవారు ఊరు చేరడానికి మరో బండి ఎక్కాలి.

వేగంగా కట్టడాన్ని పొగిడేవారు సాధారణంగా వదిలేసే విషయాలు రెండు ఉన్నాయి.

మొదటిది, నేల ఎవరి గడువునూ పట్టించుకోదు. 1993లోనే రోహా–వీర్, మంగుళూరు–ఉడుపి ముక్కల్లో రైళ్ళు నడిచాయి. చివరి ముడి మాత్రం గోవాలోని పెర్నెం సొరంగం దగ్గర పడింది. అది రాయి కాదు. నీరు పట్టిన మెత్తటి బంకమట్టి, తవ్వినచోట తవ్వినట్టు ముద్దలా జారి వచ్చేది. గట్టి రాతిలో విదేశీ డ్రిల్లులతో రోజుకు మీటర్లు మీటర్లు పోయినవారు ఇక్కడ చేత్తో తవ్వుతూ, ఉక్కు కమానులు నిలుపుతూ అడుగులో అడుగు వేశారు. సొరంగం కూలి ప్రాణాలు పోయాయి. ఆ సొరంగం నేటికీ నెమ్మదించలేదు. 2020 ఆగస్టులో గోడ కూలి రైళ్ళు దారి మళ్ళాయి, 2024 జులైలో పట్టాల కింద నుంచి నీరు ఉబికి వచ్చి మళ్ళీ ఆపారు. కటింగ్‌ల సంగతీ, అంటే లైను కోసం కొండను పైనుంచి కోసిన చోట్ల సంగతీ, అంతే. పైన ఎర్రటి లేటరైట్ రాయి టోపీలా గట్టిగా ఉంటుంది, దాని కింద దక్షిణ కన్నడంలో ‘షేడి’ అనే మెత్తటి తెల్లమట్టి ఉంటుంది. ఎండాకాలం ఆ కటింగ్ నిటారుగా నిలుస్తుంది కనుక పక్కలను అలా నిటారుగానే వదిలేస్తే సరిపోతుందనిపిస్తుంది, భూమీ తవ్వకమూ ఆదా అవుతాయి. వానాకాలం నీరు లేటరైట్ సందుల్లోంచి దిగి షేడిని కడిగేస్తే పైన టోపీ ఊడి పడుతుంది. 2003 జూన్‌లో వైభవ్‌వాడీ దగ్గర కొండరాళ్ళు పట్టాల మీద పడి రైలు పట్టాలు తప్పి యాభై మందికి పైగా చనిపోయారు. మరుసటి జూన్‌లో మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్‌కూ బండరాళ్ళ వల్లే ప్రమాదం జరిగింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి నిటారు పక్కలను ఏటవాలుగా చెక్కడం, ఇనుప వలలు కట్టడం, గోడలు పోయడం చేశారు. వానాకాలంలో ఇప్పటికీ అక్కడ వేగం తగ్గించి, విడిగా టైంటేబుల్ పెట్టి, రాత్రింబవళ్ళు కాపలావాళ్ళను నడిపిస్తారు.

రెండోది అప్పు. వడ్డీతో కలిపి సుమారు మూడున్నర వేల కోట్లయిన ఆ లైను తొలి సంవత్సరాల్లో సంపాదించినది వడ్డీలకే చాలలేదు. ఆ మార్గంలో ప్రయాణికుల ఛార్జీని అసలు దూరం కంటే 40 శాతం ఎక్కువ దూరానికి లెక్కగట్టింది అందుకే. ముంబయి–మంగుళూరు దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా తగ్గింది కాబట్టి జనం ఆ అదనాన్ని భరించారు.

ఇక్కడ మీరు వేసిన ఉపప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కోనసీమకూ అలాంటి కంపెనీ పెడితే పోదా అన్నారు. పెట్టలేరు. 57 కిలోమీటర్ల మీద ఎంత అదనపు ఛార్జీ వేసినా మూడు నదుల వంతెనల అప్పు తీరదు. ఈ లైను ప్రయోజనం వేరు. కాకినాడ నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం, భీమవరం వైపు దారి తెరుచుకుంటుంది, ప్రధాన మార్గానికి తీరం వైపు రెండో దారి ఏర్పడుతుంది. అది టికెట్ల లెక్కలో కనిపించే లాభం కాదు. కాబట్టి బడ్జెట్టు సొమ్ముతోనే కట్టాలి. కాకపోతే మూడు వంతెనలకు కావలసిన సొమ్మంతా ఒకేసారి కేటాయించి, ఒకే కాంట్రాక్టు కాలంలో ఖర్చు చేసే ఏర్పాటు కావాలి. లైను మిగతా భాగానికి ఏటేటా వచ్చినా అంత నష్టం లేదు.

రైలు కట్ట సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే కోనసీమలో వంతెనల తరవాత అసలు చిక్కు అదే, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మెత్తటి బంకమట్టి మీద నాలుగైదు మీటర్ల ఎత్తు కట్ట ఒకేసారి పోస్తే పక్కలకు ఉబ్బి జారుతుంది. దశలవారీగా పోసి, మట్టిలోని నీరు బయటికి పోయేలా నిలువు డ్రెయిన్లు దించి, కుంగేంత కుంగనిచ్చాక పైకి పోవాలి. దీనికి డబ్బు కంటే కాలం ముఖ్యం. అందుచేత భూమి ముందుగా చేతికి రావలసినది వంతెనల దగ్గర మాత్రమే కాదు, వాటికి రెండు వైపులా ఎక్కే అప్రోచ్ కట్టల దగ్గర కూడా. వంతెన మొదలైననాడే కట్ట మొదటి దశ పోస్తే, గర్డర్లు ఎక్కేసరికి కట్ట కుదురుకొని ఉంటుంది. ఆచరణలో వంతెన పూర్తయ్యాక భూసేకరణ ఫైలు కదులుతుంది.

కట్టకు మట్టి కూడా అక్కడ దొరకదు. ప్రతి సెంటూ కొబ్బరి తోటో వరి చేనో అయిన చోట గోతులు తవ్వనిచ్చేదెవరు? మెట్ట ప్రాంతం నుంచి గ్రావెల్ లారీల్లో తేవాలి, ఆ లారీలు పంట కాలువ గట్ల మీది ఇరుకు రోడ్లను నాశనం చేస్తాయి, దానికి ఊళ్ళవాళ్ళు అడ్డం పడతారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. గోవా ప్రస్తావన గుర్తుంది కదా. తూర్పు పడమరలుగా పోసిన కట్ట డెల్టాలో ఒక ఆనకట్టలా పనిచేస్తుంది. తుఫాను వానకు చేలల్లో నిలిచిన నీరు మురుగు కాలువల్లోంచి మాత్రమే పోదు, చేల మీదుగా పల్చగా పరుచుకొని దక్షిణానికి జరుగుతుంది. కాలువలున్నచోట వంతెన ఇచ్చాం కదా అని ఊరుకుంటే ఆ పల్చటి నీటికి దారి ఉండదు, కట్టకు ఉత్తరాన ఉన్న చేలు వారం రోజులు ఎక్కువ మునుగుతాయి. కాలువలు లేనిచోట కూడా తూములు పెట్టాలి. నన్నడిగితే లోతట్టు ముక్కల్లో కట్ట మానేసి లైనును పైల్స్ మీద ఎత్తున పోనివ్వడం మేలు. మొదట ఖర్చెక్కువ, కాని భూమి సగం చాలు, మట్టి అక్కరలేదు, నీటికి అడ్డు లేదు.

ఇక గ్యాస్ పైపులైన్లు. 1995లో పాసర్లపూడి బావి నుంచి గ్యాస్ ఎగజిమ్మిన బ్లోఅవుట్, 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలుడు చూసిన ప్రాంతమది. పైల్ దించే చోట కింద ఏముందో తేల్చుకోకుండా ఎవరూ సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా. ఉప్పుగాలి వల్ల పట్టాలకు తుప్పు సంగతి మీ పుస్తకాల్లోనే ఉంటుంది. పట్టా అంచు మీద లైనరు (పట్టాను పట్టి ఉంచే క్లిప్పు కింది ముక్క) ఆనేచోట ముందుగా తింటుందని, పైనుంచి చూస్తే కనబడదని, లైనరు తీసి చూడాలని మాత్రం గుర్తుంచుకోండి.

మీ ప్రాజెక్టు వర్కుకు మూడు నదులనూ తీసుకోకండి, వైనతేయ ఒక్కటి చాలు. బోడసకుర్రు–పాసర్లపూడి రోడ్డు వంతెన పక్కనే ఉంది కనుక నది వెడల్పు, వరద మట్టం, ఒడ్డు కోత కళ్ళారా చూడవచ్చు. రైలు వంతెన కోసం నేలను తొలిచి, ఏ లోతున ఏ మట్టి ఉందో రాసిన బోర్ లాగ్‌లు కాలేజీ లేఖతో సంబంధిత నిర్మాణ కార్యాలయంలో అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. వాటిలో బంకమట్టి పొర ఎంత మందంగా ఉందో చూసి, అప్రోచ్ కట్ట ఎంత కుంగుతుందో, ఎన్ని నెలలు పడుతుందో లెక్క కట్టండి. తరవాత అదే పొడవును పైల్స్ మీద ఎత్తిన వయాడక్టుగా వేసి ఖర్చు పోల్చండి, భూమి ధర అమలాపురం పరిసరాల్లో నేటి రేటుకే వేసుకోండి. వానలు మొదలయ్యాక ఒకసారి అలైన్‌మెంట్ వెంట నడిచి, నీరు ఏ చేల మీదుగా జరుగుతోందో గ్రామ పటం మీద గుర్తులు పెట్టుకుంటే, సర్వే రిపోర్టుల్లో దొరకని సమాచారం మీ దగ్గర ఉంటుంది.